ఇంటికి కిరాయి కడుతున్నారా?

మొన్న శనివారం పొద్దుగూకే వేళ చిలుకానగర్ నుంచి ఒక చెల్లె మా ఇంటికి వచ్చింది. చంకలో లెక్కల పుస్తకం, చేతిలో జామకాయల సంచి. ఆమెది మగ్గం వర్కు. పెళ్ళికూతుళ్ళ జాకెట్ల మీద ఆరీ సూదితో జరీ, పూసలు, కుందన్లు కుట్టే పని. మీ ఇంట్లో ఈ మధ్య పెళ్ళి జరిగి ఉంటే ఆ పని ఎంత పలుకుతుందో మీకు తెలిసే ఉంటుంది. కూర్చోగానే పుస్తకం నా ముందుకు జరిపి, "అక్కా, దినమంతా కుడుతున్న. గిరాకీకి కొదువ లేదు. అయినా చేతుల ఏం నిలుస్తలేదు. పైసలు ఎటు పోతున్నయో జర నువ్వే చూడు" అంది.

చూశాను. రాత ముత్యాల్లా ఉంది. జాకెట్టుకి ఒక పేజీ. ధర 2,500. జరీ, పూసలు, లైనింగు గుడ్డ కలిపి 1,100. వర్కు అయ్యాక జాకెట్టు కుట్టి ఇచ్చే టైలరుకి 400. మిగిలింది 1,000 అని రాసి కింద రెండు గీతలు గీసింది.

"మగ్గం ఎక్కడ వేసుకున్నవ్?" అని అడిగాను.

"ముందటి రూముల."

"మరి దాని కిరాయి ఏది? ఈ పేజీల కనబడ్తలేదు."

ఆమె నా మొహం చూసింది. "కిరాయెందుకక్కా? ఇల్లు మనదే గద. మా మామ కట్టించిండు."

ఇదిగో, ఈ మాట గురించే ఇవాళ మీతో కూర్చుని మాట్లాడాలని నాకు. 'ఇల్లు మనదే కదా.' ఇంట్లో చిన్న వ్యాపారం పెట్టుకున్నవాళ్ళ నోట నేను ఎక్కువసార్లు విన్న మాట ఇది. బల్ల ఏది కొనాలి, కుర్చీ ఏది కొనాలి, నెట్టు ఎవరిది పెట్టించుకోవాలి అని అందరూ అడుగుతారు. అవన్నీ చెబుతాను. కానీ వాటన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మీ వ్యాపారం మీ ఇంటికి నెలకి ఎంత కడుతోంది?

నా సంగతి కొంచెం చెప్పాలి. నేను లెక్కలు రాస్తాను. హైదరాబాదులో నాచారం పారిశ్రామికవాడలో ఒక షెడ్డు ఆఫీసులో పదహారేళ్ళు అకౌంట్స్ చూశాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు కంప్యూటరు ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాను. మళ్ళీ అది వెనక్కి పోలేదు. ఇప్పుడు ఉప్పల్, నాచారం, మల్లాపూర్ చుట్టుపక్కల ఇరవై రెండు చిన్న వ్యాపారాలకి నేనే లెక్కలు రాస్తున్నాను. వాటిలో తొమ్మిది ఇళ్ళలోనే నడుస్తున్నాయి.

మా వైపు ఇళ్ళ నిండా ఇలాంటి పనులే ఎందుకున్నాయో ఇక్కడ తిరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఉప్పల్ పారిశ్రామికవాడ, నాచారం పారిశ్రామికవాడ, మల్లాపూర్, కాస్త అవతల చర్లపల్లి. అన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఒక తరం మనుషులు ఆ షెడ్లలో లేతు మీదా, ప్రింటింగు మిషను మీదా, ప్యాకింగు దగ్గరా పని నేర్చుకున్నారు. చేతిలో పని ఉంది, షెడ్డు తీసుకునే స్తోమత లేదు. ఇక మిగిలింది ఇల్లే. ముందు గదిలో ఒక కంప్యూటరు, మేడ మీద రేకుల కింద ఒక చిన్న మిషను, వంటింట్లో పచ్చళ్ళ జాడీలు. అసలు 'స్వగృహ' అన్న బోర్డు లేని కాలనీ మన ఊళ్ళో ఎక్కడుంది? అరిసెలు, సకినాలు అమ్మే కొట్టు పేరులోనే ఇల్లు ఉంది. 2017 నవంబరులో నాగోలు నుంచి మెట్రో నడవడం మొదలయ్యాక రోడ్డు మీది మడిగెల కిరాయిలు పెరిగాయి. చిన్నవాళ్ళు గల్లీల్లోకి, గల్లీల్లోంచి ఇళ్ళల్లోకి జరిగారు.

సరే, చెల్లె లెక్కకి వద్దాం. ఆమె ఇంటి పై పోర్షను కిరాయికి ఇచ్చారు. రెండు గదులు, వంటిల్లు, సుమారు 600 చదరపు అడుగులు, నెలకి 12 వేలు. కింద ఆమె మగ్గం వేసుకున్న గది పది అడుగులకి పన్నెండు, అంటే 120 అడుగులు. పై పోర్షనులో ఐదో వంతు. కాబట్టి ఆ గది కిరాయి 2,400. మగ్గం మీద వేలాడే రెండు లైట్లు, ఫ్యాను, ఇస్త్రీ పెట్టె కలిపి కరెంటు 600. ఫోను, నెట్టులో సగం 300. మొత్తం 3,300. నెలకి ఆమె చేసే జాకెట్లు 22. భాగిస్తే జాకెట్టుకి 150.

కాగితం మీద రాసి చూపించాను. మిగిలింది వెయ్యి కాదు, 850. ఆ 850లో వారానికోసారి బేగంబజారుకి పూసల కోసం ఆమె భర్త బండి మీద పోయి వచ్చే పెట్రోలు లేదు. మధ్యాహ్నమంతా పళ్ళెంలో పూసలు రంగుల వారీగా ఏరిపెట్టే అత్తమ్మ పని లేదు. ఒక్కో జాకెట్టుకి తక్కువలో తక్కువ పది గంటలు కూర్చుంటుందట. అంటే గంటకి 85 రూపాయలు, అదీ పెట్రోలు తీయకముందు.

ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "అత్తమ్మది గూడ రాయాల్నా?" అంది.

రాయాలి. ఎందుకు రాయాలో చెప్పడానికి ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర వరంగల్ బస్సెక్కి ఆలేరు దాకా పోయి రావాలి. ఆలేరు దగ్గర శారాజిపేట చింతకింది మల్లేశం గారి ఊరు. ఆయన మీద 2019లో సినిమా కూడా వచ్చింది కాబట్టి పేరు మీరు వినే ఉంటారు. ఆ వైపు పోచంపల్లి చీరలు నేసే ఇళ్ళలో మగ్గం ఇంటి మధ్యలోనే ఉంటుంది. నేతకి ముందు ఆసు పోయడం అని ఒక పని. అర్ధచంద్రంలా పాతిన మేకుల చుట్టూ ఆ చివర నుంచి ఈ చివరకి, ఈ చివర నుంచి ఆ చివరకి చేతితో దారం తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకి వేలసార్లు చెయ్యి ఆడాలి, నాలుగైదు గంటలు పడుతుంది. చేసేది ఇంటి ఆడవాళ్ళు. మల్లేశం గారి అమ్మ లక్ష్మి గారికి భుజం పడిపోయేంత నొప్పి. కొడుకు 1992లో ఆ పనికి యంత్రం చెయ్యాలని మొదలుపెట్టి, చేతిలో డబ్బు లేక ఆగుతూ, మళ్ళీ మొదలుపెడుతూ 1999లో పూర్తి చేశాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకి వచ్చింది. దానికి అమ్మ పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం అని. 2017లో పద్మశ్రీ ఇచ్చారు.

ఆ కథ తలచుకున్నప్పుడల్లా నాకు ఒకటే తడుతుంది. అన్నేళ్ళపాటు ఆ చీరల ధరలో లక్ష్మి గారి భుజం ఎక్కడైనా ఉందా? పట్టు ఉంది, రంగు ఉంది, నేతగాడి కూలి ఉంది. ఇంట్లో జరిగే పని, ఇంటి మనిషి చేసే పని లెక్కలోకి రాలేదు. రాయని ఖర్చు పోదండీ. ఎవరో ఒకరి ఒంట్లోకి పోయి కూర్చుంటుంది.

ఇంకో నష్టం కూడా ఉంది. మల్లాపూర్‌లో ఒక తమ్ముడు. మిషను షాపులకి డ్రాయింగులు గీసి, సీఎన్‌సీ ప్రోగ్రాములు రాసి ఇస్తాడు. చేతిలో మంచి పని ఉంది. ఇంట్లో పడకగది మూల టేబులు వేసుకుని మొదలుపెట్టాడు. కిరాయి లేదు కదా అని బయటి వాళ్ళకంటే మూడో వంతు తక్కువకి రేటు చెప్పాడు. జాబులు ముంచెత్తాయి. మూడేళ్ళకి ఇద్దరు కుర్రాళ్ళని పెట్టుకుని, చిన్న జాగా కిరాయికి తీసుకున్నాడు. అప్పుడు పార్టీలని రేటు పెంచమంటే ఒక్కరూ ఒప్పుకోలేదు. "మొన్నటిదాంక ఇదే రేటుకి చేసినవ్ గదా, ఇప్పుడేమైంది?" అన్నారు. వాళ్ళది తప్పని కూడా అనలేం. ఏడు నెలలకి తాళం వేసి మళ్ళీ పడకగదికే వచ్చాడు. మొదటిరోజు నుంచే ఇంటికి కిరాయి రాసుకుని రేటు కట్టి ఉంటే, బయటికి పోయేనాటికి ఆ రేటులో కిరాయికి చోటు ఉండేది. పైగా, అతను ఇంట్లో కూర్చుని తక్కువకి చేసిన ఆ మూడేళ్ళు, మడిగెకి కిరాయి కట్టి కూర్చున్న ఇంకొకాయన జాబులు పోగొట్టుకున్నాడు. అది కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఇక్కడ లెక్కలు రాసేదానిగా ఒక హెచ్చరిక. సొంతింటికి మీకు మీరే కిరాయి కట్టుకున్నట్టు చూపించి ఆదాయపన్నులో తగ్గింపు అడగడం కుదరదు. ఈ కిరాయి ధర కట్టుకోవడానికి మాత్రమే. మీరే కిరాయి ఇంట్లో ఉంటే, నిజంగా కట్టే కిరాయిలో వ్యాపారానికి వాడే భాగం వరకు ఖర్చు రాసుకోవచ్చు. కరెంటు, నెట్టు బిల్లుల్లో వ్యాపారం వాటా కూడా అంతే. ఆ వాటా ఎలా లెక్కగట్టారో ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి, అడిగితే చూపడానికి.

ఇప్పుడు గది సంగతి. కిరాయి కట్టే గది అన్నాక అది కిరాయికి తగ్గట్టు ఉండాలి కదా.

నేను మొదట పడమటి గదిలో కూర్చున్నాను. ఖాళీగా ఉన్నది అదే మరి. మార్చి నెల కాబట్టి తొలి రోజులు బాగానే గడిచాయి. ఏప్రిల్ వచ్చేసరికి మధ్యాహ్నం రెండింటి నుంచి గోడ కాలడం మొదలైంది. మూడున్నరకి చెయ్యి ఆనిస్తే పెనంలా ఉండేది. సూర్యుడు పోయాక కూడా రాత్రి తొమ్మిదిదాకా ఆ గోడ వేడి వదిలేది కాదు. కూలరు పెడితే కాగితాలు మెత్తబడి ఎగిరేవి. నాలుగు తర్వాత నేను రాసిన లెక్కల్లో తప్పులు ఎక్కువ ఉన్నాయని నెలాఖరున సరిచూస్తుంటే బయటపడింది. ఒళ్ళు కాలుతుంటే మనసు అంకె మీద నిలవదు.

అందుకని ఉత్తరం కిటికీ ఉన్న గదిలోకి మారాను. ఉత్తరం మంచిదని పెద్దవాళ్ళు వాస్తు పేరుతో చెబుతారు. ఆకాశంలో లెక్క చూసినా సరిగ్గా కుదిరింది. మన హైదరాబాదు 17 డిగ్రీల అక్షాంశానికి కొంచెం పైన ఉంది. మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి మిట్టమధ్యాహ్నం మన నీడ మన కాళ్ళ కిందే ఉంటుంది. ఆ రెండింటి మధ్య మూడు నెలలే మధ్యాహ్నపు సూర్యుడు మనకి ఉత్తరంగా ఉంటాడు. మిగిలిన తొమ్మిది నెలలూ దక్షిణంగానే. కాబట్టి ఉత్తరం కిటికీలోంచి ఏడాదిలో ఎక్కువ రోజులు మధ్యాహ్నపు ఎండ పడదు, వెలుతురు మాత్రం పడుతుంది. కంప్యూటరు తెర మీద మెరుపు ఉండదు. మగ్గం వేసుకునేవాళ్ళకి రంగు రంగులా కనిపిస్తుంది. బల్ల మాత్రం కిటికీకి ఎదురుగా కాకుండా పక్కగా వెయ్యండి. కుడిచేత్తో రాసేవాళ్ళయితే వెలుతురు ఎడమ నుంచి రావాలి, లేకపోతే చేతి నీడ అంకెల మీద పడుతుంది.

నా బల్ల పాత టేకు తలుపు. మా అత్తమ్మ వాళ్ళ భువనగిరి ఇల్లు పడగొట్టినప్పుడు తెచ్చిన తలుపు. గడియ ఉన్న చోట గుంట అలాగే ఉంది, అందులో ఇప్పుడు పిన్నులు వేసుకుంటాను. దాన్ని రెండు ఇనుప ర్యాకుల మీద పెడితే 32 అంగుళాల ఎత్తు వచ్చింది. మూడంగుళాలే కదా ఎక్కువ, సర్దుకుందాం అనుకున్నాను. రెండు నెలలకి మెడ, కుడి భుజం పట్టేశాయి. ర్యాకుల కాళ్ళు కోయించి 29 అంగుళాలకి దించాను. ఆ మూడంగుళాలతోనే నొప్పి పోయింది. కూర్చుంటే పాదాలు నేలకి ఆనాలి, మోచెయ్యి బల్ల ఎత్తులోనే ఉండాలి. పాదాలు ఆనకపోతే కింద పీట వేసుకోండి. కుర్చీకి డబ్బు పెట్టడానికి మాత్రం వెనకాడకండి. డైనింగు కుర్చీ అరగంట అన్నం తినడానికి చేసింది, ఎనిమిది గంటల పనికి కాదు. మగ్గం ముందు నేల మీద కూర్చునేవాళ్ళు గంటకోసారైనా లేచి నాలుగడుగులు వెయ్యాలి. చెల్లెకి కూడా అదే చెప్పాను. వినిందో లేదో.

కరెంటు గురించి రెండు లెక్కలు చెబుతాను, ఎందుకంటే ఇన్వర్టరు కొనేటప్పుడు అందరూ మోసపోయేది ఇక్కడే. 12 వోల్టుల, 150 ఏహెచ్ బ్యాటరీ అంటే కాగితం మీద 1,800 వాట్-అవర్లు. నష్టాలు పోను చేతికొచ్చేది 1,200 అనుకోండి. ల్యాప్‌టాపు 60 వాట్లు, రౌటరు 10, రెండు ఎల్‌ఈడీ బల్బులు 20, పాత ఫ్యాను 75. మొత్తం 165, అంటే ఏడు గంటలు. ఆ పాత ఫ్యాను తీసేసి 30 వాట్లతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాను పెడితే 120, అంటే పది గంటలు. పెద్ద బ్యాటరీ కొనేకంటే ఫ్యాను మార్చడం చవక. లేజరు ప్రింటరు, ఇస్త్రీ పెట్టె ఇన్వర్టరు లైను మీద పెట్టొద్దు. ఇల్లు పాతదైతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగు ఉందో లేదో చూపించుకోండి. మిషను ముట్టుకుంటే చిమచిమలాడితే ఆ రోజే చూపించాలి.

మీటరు సంగతి కూడా ఉంది. ఇంటి కనెక్షను వేరే కేటగిరీ, వ్యాపారం కనెక్షను వేరే కేటగిరీ. మిషను పెట్టాలనుకుంటే ముందే కరెంటాఫీసుకి పోయి అడిగి, అవసరమైతే వేరే మీటరు తీసుకోండి. తర్వాత ఎవరో వచ్చి చూసి చెప్పేకంటే మనమే పోయి అడగడం మర్యాద, ఖర్చు కూడా తక్కువ.

ఇక కాగితాలు. ఇది నా ప్రాణం, కొంచెం ఎక్కువసేపు చెబుతాను, విసుక్కోకండి.

2020 అక్టోబరు 13 రాత్రి మీకు గుర్తుందా? ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 30 సెంటీమీటర్లు దాటి కురిసింది. ఉప్పల్, రామంతాపూర్ వైపు చెరువుల కింది కాలనీలు నీళ్ళలో ఉన్నాయి. మా గల్లీలో రాత్రి పదింటికి మడమ లోతు, పన్నెండింటికి గడప దాటింది. పిల్లల్ని, అత్తమ్మని మేడ మీదికి ఎక్కించి కిందికి వచ్చేసరికి కింది అరలో ఉన్న ఫైళ్ళు నీళ్ళు తాగుతున్నాయి. నావి కావు, నన్ను నమ్మి ఇచ్చిన వాళ్ళవి. 2017 జూలైలో జీఎస్టీ వచ్చిన దగ్గర్నుంచి ఏడు వ్యాపారాల కొనుగోలు బిల్లులు. అవి చేత్తో ఎత్తుతుంటే తడిసిన రొట్టెల్లా వంగిపోయాయి. నాకు ఏడుపొచ్చింది.

నాలుగు రోజులు నవారు మంచాల మీద, దండేల మీద క్లిప్పులు పెట్టి ఆరబెట్టాం. అప్పుడు ఒకటి చూశాను. ఇంక్‌జెట్ ప్రింటరులో తీసిన బిల్లులు నీలంగా, ఎర్రగా కారిపోయి ఒక్క అంకె మిగల్లేదు. చిన్న మిషన్ల నుంచి వచ్చే నున్నటి బిల్లు కాగితాలు ముందే పడమటి గది వేడికి సగం తెల్లబోయి ఉన్నాయి, ఇప్పుడు పూర్తిగా పోయాయి. బాల్‌పెన్నుతో రాసి కార్బను పెట్టి తీసిన డెలివరీ చలాన్లు మాత్రం, కాగితం ముడుచుకుపోయినా, అక్షరం అక్షరం నిలిచాయి. నాచారం షెడ్లలో చదువు తక్కువైన స్టోరు కుర్రాడు గట్టిగా నొక్కి రాసిన చలాన్లు. ఆ చలాన్లు పట్టుకుని ఒక్కొక్క కంపెనీకి ఫోను చేసి నకళ్ళు తెప్పించుకున్నాను. మూడు నెలలు పట్టింది.

అప్పటి నుంచి మా ఇంట్లో నేల నుంచి రెండడుగుల లోపు కాగితం ఉండదు, ప్లగ్గు బోర్డు ఉండదు, యూపీఎస్ ఉండదు. వచ్చిన బిల్లు వచ్చిన రోజే ఫోనుతో ఫొటో తీసి, నెల పేరుతో ఒక చోట పెడతాను, ఇంటి బయట ఇంకో చోట నకలు. జీఎస్టీ పుస్తకాలు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలి. ఆరేళ్ళ కాగితం ఇంట్లో ఉంటుందంటే దానికీ చోటు కావాలి. ఆ చోటుకీ కిరాయి ఉంది.

ఇంట్లో వ్యాపారానికి జీఎస్టీ తీసుకోవచ్చా అని చాలామంది భయంగా అడుగుతారు. నిస్సందేహంగా తీసుకోవచ్చు. తెలంగాణలో సరుకులకైనా సేవలకైనా ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషను కావాలి. చాలా రాష్ట్రాల్లో సరుకులకి 40 లక్షల దాకా వెసులుబాటు ఉంది, మనకి లేదు. అక్కడ విని ఇక్కడ నమ్మొద్దు. చిరునామాకి కరెంటు బిల్లు లేదా ఇంటి పన్ను రసీదు, ఇల్లు మీ పేరు మీద లేకపోతే ఓనరు సమ్మతి పత్రమో కిరాయి ఒప్పందమో పెట్టాలి. వచ్చాక సర్టిఫికెట్టు కనబడేలా గోడకి పెట్టాలి, గుమ్మం దగ్గర బోర్డు మీద నంబరు రాయాలి. కష్టమంతా ఓనరు సంతకం దగ్గరే. కొందరు ఓనర్లు ఇల్లు ఎక్కడ పోతుందో అని భయపడతారు. వాళ్ళని కూర్చోబెట్టి, ఇది చిరునామా చూపడానికే, ఇంటి హక్కుకి దీనితో సంబంధం లేదని నెమ్మదిగా చెప్పాలి. ఇంట్లో దిగేటప్పుడే చెబితే మరీ మంచిది. దిగాక దాచి చేస్తే, కొరియరు అబ్బాయి మూడోసారి బెల్లు కొట్టిన రోజే తెలిసిపోతుంది.

చిన్న సంస్థగా నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషను కూడా చేయించుకోండి. 2020 జూలై 1 నుంచి ఆధార్‌తో ఆన్‌లైనులో అయిపోతుంది, ఒక్క రూపాయి ఫీజు లేదు. రెండు మూడు వేలు అడిగే వాళ్ళు ఉన్నారు, ఇవ్వొద్దు. అది ఎందుకంటే, 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం, తయారీ, సేవలు చేసే చిన్నవాళ్ళకి కొన్నవాడు ఒప్పందం రాసుకుంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, రాసుకోకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు బ్యాంక్‌రేటుకి మూడు రెట్ల వడ్డీ, చక్రవడ్డీ. మా వైపు వ్యాపారం సగం ఉద్దెర మీదే నడుస్తుంది. నాకే ఒక పార్టీ పదకొండు నెలలు బాకీ పెట్టింది. అడిగినప్పుడల్లా "మేడం, మీరు ఇంట్లనే గదా చేస్తున్నరు, మీకేం తొందర?" అనేవాడు. ఇంట్లో చేస్తే ఆకలి ఉండదా? చట్టంలోని ఆ వాక్యాన్ని, నా ఉద్యమ్ నంబరునీ బిల్లు కింద అచ్చు వేయించి మళ్ళీ పంపాను. ఇరవై రోజుల్లో వచ్చింది.

వేళల గురించి ఒక్క మాట. పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఐదున్నర దాకా నేను గదిలో ఉంటే లేనట్టే లెక్క అని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఇది తెలియడానికి ఏడాది పట్టింది. ఉప్పల్ స్టేడియంలో మ్యాచి ఉన్న రోజు సాయంత్రం కొరియరు రాదని, గణేశ్ నవరాత్రుల్లో ఫోను మాట్లాడే పనులు పొద్దునే తెముల్చుకోవాలని, బోనాల ఆదివారం ఏ పనీ పెట్టుకోవద్దని మెల్లగా నేర్చుకున్నాను. ఊరితో కలిసి నడిచే ఆఫీసు ఇది.

మరి నేను కిరాయి కడుతున్నానా అని మీరు అడుగుతారు. కడుతున్నాను. నెలకి 3,000. ఐదో తారీఖున నా వ్యాపారం ఖాతా నుంచి ఇంకో ఖాతాకి పోతుంది, దాన్ని నేను ముట్టను. ఉత్తరం కిటికీ ఉన్న ఆ గది అసలు అత్తమ్మది. నా కోసం ఆమె హాల్లోకి మారింది. టీవీ పక్కన దివాను మీద పడుకునేది. ఒక్కసారి కూడా ఏమీ అనలేదు. మొదటి ఏడాది కిరాయి 36 వేలు పోగయ్యాక హాల్లో ఆమె వైపు కిటికీ పెద్దది చేయించి, చెక్కతో అడ్డుగోడ కట్టించి, మంచి మంచం, పరుపు వేయించాం. ఇంకా కొంచెం చేతి నుంచి పడింది. ఆ రాత్రి ఆమె పరుపు మీద చెయ్యి వేసి నిమురుతూ, "ఇది నీ పైసలా, ఇంటియా?" అని అడిగింది. "ఇంటియే అత్తమ్మా, నీ రూము కిరాయి" అన్నాను. "అయితే నాయే" అంది.

చెల్లె సంగతి చెప్పి ముగిస్తాను. నిన్న ఫోను చేసింది. బోడుప్పల్ నుంచి ఒక పెళ్ళివారు మూడు జాకెట్లకి వచ్చారట. 2,850 చెప్పింది. వాళ్ళు బేరమాడారు, 2,750కి ఒప్పుకున్నారు. పుస్తకంలో వెనక పేజీల్లో రెండు కొత్త పేర్లు తెరిచింది. ఒకటి 'ఇల్లు', ఇంకోటి 'అత్తమ్మ'. అత్తమ్మ ఖాతాలో జాకెట్టుకి 100 చొప్పున వేసింది.

"ఇంటికి కట్టినవా మరి?" అన్నాను.

"పెళ్ళివారు బయానా ఇచ్చిన్రు, దాంట్లకెల్లి అత్తమ్మకు ఇచ్చిన. ఇంటికి పదో తారీఖు లోపట కడతనక్కా" అంది.